నవ్వించేవాడి అనుమానం

ఆలివర్ గోల్డ్‌స్మిత్ నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' 1766లో అచ్చయింది. అందులో కథ చెప్పేది పాదిరీ ప్రిమ్‌రోజే. తన ఇంట్లో, తన కళ్ళెదుట జరిగే మోసం ఆయన కంటికి ఆనదు. చదివేవాడికి మాత్రం ముందే తెలిసిపోతుంది. నవ్వంతా ఆ సందులోనే పుడుతుంది. కందుకూరి వీరేశలింగం ఆ నవలను దగ్గర పెట్టుకుని 'రాజశేఖర చరిత్రము' రాశారు. 1878లో 'వివేకవర్ధని'లో మొదలై 1880లో అది పుస్తకంగా వచ్చింది. రాజశేఖరుడూ పాదిరీలాంటి అమాయకుడే. ముఖస్తుతికి లొంగుతాడు, బంగారం చేసిపెడతానన్న బైరాగిని నమ్మి ఇంట్లో ఉన్న బంగారం పోగొట్టుకుంటాడు. కానీ ఆ కథ అతను చెప్పడు, రచయిత చెబుతాడు. పాదిరీ నోట ఉన్న 'నేను' గోదావరి ఒడ్డుకు చేరేసరికి 'అతడు' అయిపోయింది. ఇది చిన్న మార్పు కాదు. సంఘాన్ని దిద్దడానికి కూర్చున్నవాడికి తాను మోసపోయినవాడిగా కనిపించడం కుదరదు. మూఢనమ్మకం ఎవరిదో, తెలివి ఎవరిదో పాఠకుడికి స్పష్టంగా తెలియాలి. అందుకని రచయిత గట్టు మీద నిలబడ్డాడు, రాజశేఖరుడు నీళ్ళలో పడ్డాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా తెలుగు హాస్యం ఎక్కువగా గట్టు మీద నుంచే నడిచింది.

హాస్య నవల రాసేవాడికి తన మీద తనకుండే అనుమానం గురించి మాట్లాడినప్పుడల్లా అదేదో అతని స్వభావంలోని పిరికితనమనో, నవ్వించేవాళ్ళు లోపల ఏడుస్తుంటారనో అనుకోవడం మనకు అలవాటు. ఆ రెండో మాట సినిమా వాళ్ళకు బాగా పనికొచ్చింది, సాహిత్య చరిత్రకు అంతగా పనికిరాదు. నా వాదం వేరు. తెలుగులో ఆ అనుమానం మనిషి కంటే పాతది. నవ్వించే వృత్తికి మన సమాజంలో ఇచ్చిన కింది పీట నుంచి అది వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, నవల అనే పొడవాటి ప్రక్రియలో అది పనిముట్టు. అనుమానం ఉన్నచోట హాస్య నవల నిలబడింది, అది తీరిపోయినచోట ఉపన్యాసం అయింది, లేదంటే చల్లబడింది. ఈ సంగతి రాజమండ్రి నుంచి చూసినదాని కన్నా కలకడ, మదనపల్లె, కుప్పం వైపు నుంచి చూస్తే తేటగా కనిపిస్తుంది. ఆ వైపు రచయితకు అనుమానం రెండింతలు. నవ్వు తక్కువదన్న అనుమానం ఒకటి, తన నోటి మాటే తక్కువదన్న అనుమానం మరొకటి.

కలకడ ఈనాడు రాయచోటి నుంచి పీలేరు పోయే దారిలో ఒక మండల కేంద్రం. పాత లెక్కల్లో వాయల్పాడు తాలూకా ఊరు. ఇంకా పాత లెక్కల్లో దానికి పెద్ద పేరే ఉంది. వెయ్యేళ్ళ కిందట రేనాటి సీమలో బలం పుంజుకున్న వైదుంబులకు మదనపల్లె దగ్గరి చిప్పిలితో పాటు కలకడ కూడా ముఖ్యపట్టణమని చరిత్రకారులు చెబుతారు. తెలుగు వచనం రాతి మీదికి ఎక్కింది కూడా ఈ సీమలోనే. రేనాటి చోళులు 575 ప్రాంతంలో వేయించిన కలమళ్ళ శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పుస్తకాల్లో చదువుకుంటున్నాం. రేనాటి శాసనాల్లో భాషకు తడబాటు ఉండదు. ఎవరు ఎవరికి ఎంత నేల ఇచ్చారో చెప్పి, దాన్ని చెరిచినవాడికి పట్టే పాపమేదో చెప్పి ఆగిపోతుంది. ఇంత ధీమాగా మాట్లాడిన సీమ, అచ్చు యుగం వచ్చేసరికి వెనకబడింది. ముద్రణాలయాలు మద్రాసులో, రాజమండ్రిలో, బెజవాడలో ఉన్నాయి. పత్రికలూ, ప్రచురణ సంస్థలూ, బహుమతుల పోటీలూ వాటి చుట్టూనే తిరిగాయి. కర్నూలు వైపు ఉద్యోగం చేసిన నరహరి గోపాలకృష్ణమ శెట్టి 1872లోనే 'శ్రీరంగరాజ చరిత్ర' తెచ్చి తొలి తెలుగు నవల ఏదన్న తగాదాలో సీమకు ఒక వాటా సంపాదించిపెట్టారు. అయితే ఆ దారి రహదారి కాలేదు. అటు కడప జిల్లాకూ ఇటు ఉత్తర ఆర్కాటుకూ చెందిన తాలూకాలను కలిపి 1911లో చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేసే నాటికి ఈ ప్రాంతపు మాటకు అచ్చులో చోటు దాదాపు లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. తనను తాను తగ్గించుకోవడం మన కవులకు కొత్తా? కావ్యం మొదట అవతారికలో ఇష్టదేవతను కొలిచి, పూర్వకవులను పొగిడి, నాకేం తెలుసు అని ఒక పద్యం పడెయ్యడం ఆనవాయితీ కదా. దాన్ని పట్టుకుని ఆత్మసంశయం అనడం, పెళ్ళిపత్రికలో 'మదర్పిత చందన తాంబూలాదులు' చూసి ఆతిథ్యాన్ని అంచనా వేసినట్టు ఉంటుందని ఎవరైనా అనవచ్చు. ఒప్పుకుంటాను, ఆనవాయితీ ఉంది. కానీ ఆ ఆనవాయితీని నిండు బరువుతో వాడింది ఎవరో చూడాలి. రాజసభలో పీట ఉన్న శ్రీనాథుడికి దాని అవసరం పెద్దగా రాలేదు. కడప జిల్లా గోపవరం తనదని చెప్పుకునే మొల్ల, తనకు శాస్త్రాలు రావని రామాయణం మొదట్లో చాలాసేపు చెబుతుంది. కలకడకు దగ్గరలోనే, అదే వాయల్పాడు సీమలో ఉన్న తరిగొండలో 1730 ప్రాంతంలో పుట్టిన వెంగమాంబ ఇంకా ముందుకు పోయి, తనకు ఓనమాలైనా ఎవరూ నేర్పలేదని, పలికించేవాడు తరిగొండ నరసింహుడని అంటుంది. చిన్ననాడే భర్తను పోగొట్టుకుని, ఊరి పెద్దల ఆంక్షలను ఎదిరించి, కొండ ఎక్కిన ఆడమనిషి ఆమె. రాసే హక్కే ప్రశ్నకు గురైన మనిషి నోట వినయం వేరే పని చేస్తుంది. 'నేను రాయలేదు, దేవుడు రాశాడు' అన్నాక, నీకెవరిచ్చారు ఈ అధికారం అని అడగడానికి ఎదుటివాడికి దారి ఉండదు. ఆనవాయితీని అడ్డం పెట్టుకుని చోటు సంపాదించుకోవడం అన్నమాట. హాస్య రచయిత తర్వాతి కాలంలో చేసింది సరిగ్గా ఇదే.

అతనికి ఆ చోటు ఎందుకు లేదంటే, కారణం భరతుడి దాకా పోతుంది. నాట్యశాస్త్రం హాస్యాన్ని ఒక రసంగా ఒప్పుకుంటూనే, అది స్త్రీలలోనూ నీచ పాత్రలలోనూ ఎక్కువగా కనబడుతుందని చెప్పి కింద కూర్చోబెట్టింది. నవ్వును ఆరు రకాలు చేసి, పళ్ళు కనబడని చిరునవ్వును ఉత్తములకూ, ఒళ్ళు కదిలిపోయే నవ్వును అధములకూ పంచింది. మన పల్లె ఆటల్లోనూ ఈ పంపకమే నడిచింది. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ పద్యాలు పాడుతుంటే, మధ్యలో దూరే జుట్టుపోలిగాడూ బంగారక్కా కేతిగాడూ ఊరి మాట మాట్లాడతారు. ఊళ్ళో కరణాన్నీ షావుకారునూ ఎత్తిపొడిచే హక్కు వాళ్ళకుంది, ఎందుకంటే వాళ్ళ మాటకు విలువ లేదు. పుంగనూరు, కుప్పం వైపు ఊళ్ళలో ధర్మరాజు గుడి ముందర జరిగే భారతం తిరునాళ్ళలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం. నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ బొమ్మను చివరి రోజు భీముడు కూల్చడం చూడటానికి చుట్టుపక్కల ఊళ్ళు కదిలి వస్తాయి. ఆ నాటకంలోనూ దేవతలది ఒక భాష, హాస్యగాడిది ఒక భాష. తెల్లవారుజామున నిద్ర ముంచుకొచ్చే జనాన్ని మేలుకొలిపి కూర్చోబెట్టేది హాస్యగాడే. ఆటకు ప్రాణం పోసేదీ వాడే, తక్కువగా చూడబడేదీ వాడే.

అచ్చు వచ్చాక కూడా ఈ లెక్క మారలేదు. వ్యావహారిక భాష కోసం గిడుగు ఉద్యమం మొదలుపెట్టడానికి ముప్పై ఏళ్ళ ముందే వాడుక మాట అచ్చులోకి వచ్చింది, అయితే ప్రహసనం అనే దొడ్డిదారిన. వీరేశలింగం లాంటి గ్రాంథికవాది కూడా ప్లీడర్ల మీద రాసిన 'వ్యవహార ధర్మబోధిని'లో పాత్రల చేత ఊరి భాషే మాట్లాడించారు. నవ్వుకోవడానికే కదా, పరవాలేదు అన్నమాట. గురజాడ 1892లో 'కన్యాశుల్కం' ఆడించి 1897లో అచ్చు వేసినప్పుడు, వాడుక భాషలో నాటకం ఎందుకు రాశానో ముందుమాటలో సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఆ ముందుమాట కూడా ఇంగ్లీషులో. 1909 నాటికి నాటకాన్ని అడుగు నుంచి తిరగరాశారు. పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ మొదటికి వచ్చి తన పుస్తకాన్నే తాను కొట్టేసుకుని రాసిన మనిషికి అనుమానం లేదని ఎలా అనగలం? 'కన్యాశుల్కా'న్ని మనం గొప్పదంటున్నది ఆ రెండో రాత చూసి. మునిమాణిక్యం నరసింహారావు అంత పేరు వచ్చాక కూడా హాస్యం అంటే ఏమిటో, అది ఎందుకు గౌరవనీయమో వివరిస్తూ విడిగా పుస్తకాలు రాశారు. కరుణ రసం రాసేవాడిని ఎవరూ ఆ లెక్క అడగరు, వాడు చెప్పడు.

సరే, వేమన సంగతేమిటి అనేవాళ్ళుంటారు. కదిరి ప్రాంతపు కటారుపల్లె మదనపల్లెకు దూరం కాదు. అక్కడి సమాధిలో ఉన్న మనిషికి తన మీద ఏ అనుమానమూ ఉన్నట్టు కనపడదు. గుడినీ మడినీ గురువునూ ఉతికి ఆరేశాడు, ఈనాటికీ నవ్విస్తున్నాడు. పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి'లో జంఘాలశాస్త్రి కూడా అంతే. గొంతు సవరించుకుని లేచాడంటే లోకంలో తప్పు పట్టని వస్తువు ఉండదు. నా వాదానికి ఇవి గట్టి ఎదురు సాక్ష్యాలే. అయితే వీటి పొడవు చూడండి. వేమన పద్యం నాలుగు పాదాలు. 'సాక్షి' వ్యాసం వారానికొకటి. నాలుగు పాదాల సేపు ధీమాగా తిట్టేవాడిని వింటాం, మెచ్చుకుంటాం. ఒక పూట ఉపన్యాసమూ వింటాం. మూడు వందల పేజీల పాటు ఒక మనిషి తనొక్కడే తెలివిగలవాడినన్నట్టు మాట్లాడుతుంటే, యాభయ్యో పేజీ దగ్గర మనం నవ్వబడేవాళ్ళ పక్షం చేరిపోతాం. 'సాక్షి' సంపుటాలను ఏకబిగిన చదవబోయిన వాళ్ళకు ఇది అనుభవమే. అనుమానం అవసరం హాస్యానికంతటికీ లేదు. అది పొడుగు కథకు ఉంది. నవలలో రచయిత పాఠకుడితో చాలాకాలం కాపరం చెయ్యాలి, కాపరంలో ఎప్పుడూ గెలిచేవాడిని భరించడం కష్టం.

దీనికి సాక్ష్యం తెలుగు హాస్య నవల పుట్టిన తీరులోనే ఉంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం 1920 ప్రాంతంలో 'గణపతి' రాశారు. కొరగాని కుర్రవాడి కథను, వాడి ముందు తరాల వాళ్ళ నుంచి మొదలుపెట్టి, మహాపురుషుడి జీవితచరిత్ర ఎత్తుగడలో చెప్పుకొచ్చారు. చూపు మందగించి, చివరికి పూర్తిగా పోయి, ఇతరుల చేత రాయించుకుంటూ బతికిన రచయిత ఆయన. గంభీరమైన నవలలకు బహుమతులు వచ్చాయి, 'ఆంధ్ర స్కాట్' అన్న బిరుదు వచ్చింది. తర్వాతి తరాలకు అందింది మాత్రం 'గణపతి'. అది రేడియో నాటకమై ఇంటింటా మోగింది. అయినా 'గణపతి'లో రచయిత ఇంకా గట్టు మీదే ఉన్నాడు, కాకపోతే నీళ్ళకు దగ్గరగా వచ్చాడు. నీళ్ళలోకి దూకింది మొక్కపాటి నరసింహశాస్త్రి. ఆయన నిజంగా ఎడింబరో వెళ్ళి చదువుకుని వచ్చిన మనిషి. 1924 ప్రాంతంలో 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం తెచ్చినప్పుడు ఆ ప్రయాణాన్ని మొగల్తూరు పార్వతీశం చేతికిచ్చి, 'నేను' అని చెప్పించారు. మద్రాసులో పార్వతీశం దొరల టోపీ అనుకుని ఆడవాళ్ళ టోపీ కొంటాడు. దాన్ని నెత్తిన పెట్టుకుని హుందాగా తిరుగుతుంటే జనం ఎందుకు నవ్వుతున్నారో అతనికి తెలియదు. ఇక్కడ వాక్యం పని చేసే తీరు గమనించాలి. టోపీ ఆడవాళ్ళదని రచయిత ముందే మనకు చెప్పెయ్యడు. పార్వతీశం ఆ టోపీని ఎంత గంభీరంగా చూసుకుంటాడో అంత గంభీరంగానే చెబుతాడు. జనం నవ్వు మాత్రం పక్కన వినిపిస్తుంది. ఇదే సంఘటనను మూడో మనిషి చెప్పి ఉంటే పల్లెటూరి బైతు మీద పట్నవాసి ఎగతాళి అయ్యేది. 'నేను' అనడంతో ఇంగ్లండు ప్రయాణమనే పెద్ద సరంజామా అంతా మనకు అనుమానాస్పదమవుతుంది. అసలు ఎవరి టోపీ ఎవరికి నప్పుతుందన్న సందేహం పాఠకుడి నెత్తి మీదికి వస్తుంది.

ఆ తర్వాత జరిగింది ఇంకా మంచి సాక్ష్యం. రెండు, మూడు భాగాలు మొదటి భాగం వచ్చిన దశాబ్దాల తర్వాత వెలువడ్డాయి. పార్వతీశం చదువు పూర్తి చేసి తిరిగొస్తాడు, పెళ్ళి చేసుకుంటాడు, మద్రాసులో ప్రాక్టీసు పెడతాడు, స్వాతంత్ర్యోద్యమంలోకి దిగుతాడు. మంచివాడే, గౌరవనీయుడే. చదవదగ్గ పుస్తకాలే. కానీ తెలుగువాళ్ళు 'బారిష్టర్ పార్వతీశం' అని తలుచుకుని నవ్వుకునేదంతా మొదటి భాగమే. రచయిత చెయ్యి మారలేదు, పాత్ర మారలేదు, 'నేను' కూడా మారలేదు. పోయింది పార్వతీశానికి తన మీద ఉండవలసిన తికమక ఒక్కటే. వయసు వల్ల రచయిత చురుకు తగ్గిందని కొందరు అంటారు. కొంత నిజం ఉండవచ్చు. అయితే వయసు అన్ని పేజీలనూ సమానంగా చల్లబరచాలి. ఈ భాగాల్లోనూ పార్వతీశం దారి తెలియక నిలబడినచోట పాత వెలుగు తటాలున తిరిగి వస్తుంది. అతను నిర్ణయం తీసుకున్నచోట ఆరిపోతుంది.

మునిమాణిక్యం కథల్లో ఇదే పద్ధతి ఇల్లు చేరింది. బడిపంతులు భర్త 'నేను' అని మొదలుపెట్టి, భార్య కాంతం ముందు ఓడిపోయి, ఆ ఓటమిని మనకు అప్పజెబుతాడు. ఇక్కడ ఒక కటువైన ప్రశ్న అడగాలి. భర్త ఓడిపోయాడని చెబుతున్నది భర్తే కదా, కలం అతని చేతిలోనే ఉందిగా, ఇది నిజమైన ఓటమేనా? కాదనే నా అభిప్రాయం. కలం ఉన్నవాడి వినయంలో కొంత సౌఖ్యం ఉంటుంది. భానుమతీ రామకృష్ణ 'అత్తగారి కథలు' వచ్చాక ఆ తేడా తెలిసింది. అక్కడ చెప్పేది కోడలు. అత్తగారిని చూసి నవ్వుతూనే, ఆ ఇంట్లో తన మాట ఎంతవరకు చెల్లుతుందో తూచుకుని మాట్లాడుతుంది. సినిమాలో మహానటి, ఇంట్లో కోడలు. ఆ రెంటి మధ్య జాగ్రత్తగా నడవడం వల్ల వచ్చిన నవ్వు అది. భర్త సరదాకు ఓడిపోవడంతో దాన్ని ఒకే గాటన కట్టలేం.

ఈ 'నేను'కు ఇంగ్లీషులోనూ ఒక తోడు ఉంది, దాని దారి కూడా ఈ సీమను తాకిపోతుంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికి చదువు చెప్పినవారిలో దివ్యజ్ఞాన సమాజానికి చెందిన ఆర్మైన్ వుడ్‌హౌస్ ఒకరు. ఆయన తమ్ముడే ఇంగ్లీషు హాస్య రచయిత పి.జి. వుడ్‌హౌస్. అన్న జగద్గురువును తయారు చేసే పనిలో, తమ్ముడు పనికిమాలిన బెర్టీ వూస్టర్‌ను తయారు చేసే పనిలో. ఎవరి పని ఎక్కువకాలం నిలిచిందో చెప్పడం కష్టం. కృష్ణమూర్తి 1929లో ఆ జగద్గురు పీఠాన్ని తానే రద్దు చేసుకున్నాడు. బెర్టీ 'నేను' అంటూ చెప్పిన, తన నౌకరు జీవ్స్ కథలు పార్వతీశం ప్రయాణమైన కాలానివే. రెండు దేశాల్లోనూ ఒకే పదేళ్ళలో తెలివితక్కువవాడి చేతికి కథ అప్పగించడం ఊరికే జరిగి ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తెలివిగలవాళ్ళ మీద నమ్మకం తగ్గింది. వుడ్‌హౌస్ జీవితంలోనూ దెబ్బ తగిలింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు చిక్కి 1941లో బెర్లిన్ రేడియోలో తన నిర్బంధం మీద సరదా ప్రసంగాలు చేశాడు. దేశం మండిపడింది, ఆయన మళ్ళీ ఇంగ్లండులో అడుగు పెట్టలేదు. ఆ రోజుల్లో షాన్ ఓకేసీ అనే నాటకకర్త ఆయన్ను ఇంగ్లీషు సాహిత్యంలో గారడీ చేసే గోమారి అని ఎగతాళి చేశాడు. వుడ్‌హౌస్ 1953లో తన రచనా జీవితం గురించి స్నేహితుడికి రాసిన ఉత్తరాలను పుస్తకం చేస్తూ, ఆ తిట్టునే దానికి పేరుగా పెట్టుకున్నాడు. మొల్లా వెంగమాంబా చేసిన పనికి ఇది దూరపు చుట్టం.

అన్నింటికంటే బలమైన అభ్యంతరం ఇంకా మిగిలే ఉంది. తన మీద తాను నవ్వుకోగలవాడికి పోగొట్టుకోవడానికి ఎంతో కొంత పరువు ఉండాలి. పార్వతీశం, కాంతం మొగుడు, బెర్టీ, అందరూ చదువుకున్న కులాలవాళ్ళు, కడుపు నిండినవాళ్ళు, లేదా కనీసం గౌరవానికి లోటు లేనివాళ్ళు. కలకడ మెట్టనేలలో చెనిక్కాయ వేసి వానకోసం చూసే రైతును ఎవరూ గౌరవించనే లేదు. అతని మాట సినిమాలో విలన్ మాట, లేదా జోకర్ మాట. 'యాడికి పోతావుండావు' అన్నాడంటే హాలంతా గొల్లుమనేది. 2021లో 'పుష్ప' వచ్చి హీరో చేత ఆ యాస పలికించేదాకా చాలామందికి అది వెక్కిరించడానికే పనికొచ్చింది. అలాంటివాడిని నీ మీద నువ్వే నవ్వుకో అనడం, పడ్డవాడిని ఇంకోసారి పడమనడం కాదా? ఈ అభ్యంతరం ముందు పార్వతీశం ఉదాహరణ చాలదు. ఇందులో ఇంకో ముడి కూడా ఉంది. ఈ సీమ గురించి రాసేవాళ్ళను కరువూ ఫ్యాక్షనూ తప్ప వేరే రాయనివ్వని ఒత్తిడి ఒకటి ఉంది. ఇంత కష్టంలో నవ్వేమిటని రచయిత తనను తానే అడ్డుకుంటాడు. అయితే మదనపల్లె టమేటా మార్కెట్టు చూసినవాళ్ళకు తెలుసు. ధర పడిపోయి కాయలు రోడ్డు పక్కన పారబోసిన ఏడూ ఉంది, 2023 జులైలో కిలో వంద దాటి రైతు రాత్రికి రాత్రి షావుకారైన ఏడూ ఉంది. రేపేమవుతుందో తెలియని సేద్యంలో మనుషులు తమ లెక్కల మీద తామే జోకులు వేసుకుంటారు. నవ్వు అక్కడ లేక కాదు, అచ్చులోకి రాక.

తెచ్చినవాడు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు. చిత్తూరు జిల్లా మిట్టూరు ఆయనది. 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కతలు', 'మునికన్నడి సేద్యం' అన్నీ ఆ ఊరి నోటితోనే చెప్పారు. ఆయన కంటే ముందు ఇదే జిల్లాలో దామలచెరువు బడిపంతులు మధురాంతకం రాజారాం మూడు వందలకు పైగా కథలు రాసి, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. రాజారాం చిరునవ్వు నవ్వుతారు, భరతుడు ఉత్తములకు కేటాయించిన నవ్వు. ఆయన కథనం శిష్టమైన తెలుగులో నడుస్తుంది, ఊరి మాట సంభాషణల్లో వినబడుతుంది. నామిని ఆ గీత చెరిపేశారు. చెప్పేవాడూ, చెప్పబడేవాళ్ళూ ఒకే మాట మాట్లాడతారు. కథ చెప్పే పిల్లవాడు ఇంట్లో ఆకలి గురించీ అమ్మ తిట్ల గురించీ ఒకే గుక్కలో చెబుతాడు. మనం నవ్వుతాం, నవ్వి ఆగుతాం, ఎందుకు నవ్వామా అని చూసుకుంటాం. అనుమానం ఇక్కడ చేతులు మారింది. పార్వతీశం తన మీద తాను సందేహపడాలి, లేకపోతే నవ్వు రాదు. నామిని పిల్లవాడికి సిగ్గు లేదు. సిగ్గుపడవలసిన పని చదివేవాడి మీద పడుతుంది. తర్వాత తన గురించి తాను రాసుకున్న పుస్తకానికి నామిని 'నంబర్ వన్ పుడింగి' అని పేరు పెట్టారు. పుడింగి అని ఊళ్ళో అనేది గొప్పలకు పోయేవాడిని ఎత్తిపొడవడానికి. ఎవరో ఒకరు అనేలోపు తానే అనేసుకోవడం, అది కూడా నంబర్ వన్ అని. వుడ్‌హౌస్ చేసిన పని వంటిదే, గొంతు మాత్రం పూర్తిగా వేరు. ఒకటి క్షమాపణలా వినిపిస్తుంది, రెండోది సవాలులా.

అందుకని పైన చెప్పిన నా వాదాన్ని కొంచెం సవరించుకోవాలి. హాస్య నవలకు అనుమానం కావాలి, నిజమే. అది రచయిత మీదే ఉండి తీరాలన్న నియమం లేదు. పరువున్నవాడు రాస్తే తన మీద పెట్టుకుంటాడు, పరువు దక్కనివాడు రాస్తే పాఠకుడి మీద పెడతాడు. ఎవరి మీదా పెట్టకుండా రాసినప్పుడే పుస్తకం ఉపన్యాసం అవుతుంది.

అనీబిసెంట్ 1915లో మదనపల్లెలో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో ఇంగ్లీషు చెప్పిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య తొలిరోజుల్లో నవలలు రాసి, తర్వాత విమర్శకు మళ్ళారు. ఆయన 'నవలాశిల్పం', 'కథాశిల్పం' ఈనాటికీ కొత్త రచయితల చేతుల్లో కనబడుతుంటాయి. రెండోదానికి 1999లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగులో నవల ఎలా కట్టాలన్న ప్రశ్నను అంత శ్రద్ధగా వేసుకున్న పుస్తకాలు కలకడకు కూతవేటులో పుట్టాయంటే ఆశ్చర్యం లేదు. తనకు దక్కని చోటు గురించి ఎవరైనా ఎక్కువ ఆలోచిస్తారు. ఈ రోజు కలకడ నుంచో కుప్పం నుంచో హాస్య నవలకు కూర్చున్నవాడి ముందు మొదట వచ్చేది ఇతివృత్తం కాదు, మొదటి వాక్యం ఏ మాటలో రాయాలన్నది. కుప్పంలో అయితే అటు కన్నడం ఇటు తమిళం కూడా అందులో కలిసి ఉంటాయి. కథనం పత్రికల తెలుగులో నడిపి, ఊరి మాటను కొటేషన్లలో పెడితే పుస్తకం హైదరాబాదులోనూ విజయవాడలోనూ సులువుగా చదువుతారు. కాకపోతే ఆ కొటేషన్ గుర్తుల బయట నిలబడ్డవాడు పట్నం పాఠకుడి పక్కన కూర్చుని తన ఊరిని చూస్తుంటాడు. గుర్తులు తీసేసి రాస్తే సగం మంది పాఠకులు మొదటి పేజీలో తడబడతారు, వెనక పదాల పట్టిక వెయ్యమని ప్రచురణకర్త అడుగుతాడు. నామిని తర్వాత ఈ రెండో దారిన పొడుగు పుస్తకం రాయడానికి సిద్ధపడ్డవాళ్ళు తక్కువ. మొదటి దారిన వచ్చినవాటిలో నవ్వు వచ్చే పేజీలు ఎక్కువగా సంభాషణలున్న పేజీలే.